మోడల్ క్లాసు ఎప్పుడు, ఎన్నిసార్లు తయారవుతుందో పిల్లలకు చెప్పండి

గుంటూరు, విజయవాడ చుట్టుపక్కల ఇంజినీరింగ్, ఎంసీఏ, డిగ్రీ కాలేజీల్లో వెబ్ ప్రోగ్రామింగ్ ల్యాబ్ చెప్పే మాస్టార్లకు, మేడమ్‌లకు, సిలబస్ కమిటీల్లో కూర్చునే పెద్దలకు బహిరంగ లేఖ

నమస్కారం.

నేను విజయవాడ గవర్నర్‌పేటలో చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసు నడుపుకుంటున్నవాణ్ని. గుంటూరు మిర్చి యార్డులో కమీషన్ కొట్లకు పట్టీలు, కోల్డ్ స్టోరేజీలకు లాట్ల లెక్కలు, ఆటోనగర్ లారీ ఆఫీసులకు బుకింగ్ రసీదులు, ఇవీ మేం చేసే ప్రోగ్రాములు. దాదాపు అన్నీ వెబ్ ప్రోగ్రాములు రాసే పీహెచ్‌పీ భాషలోనే. కొత్తవి లారవెల్, పాతవి కోడ్‌ఇగ్నైటర్ అనే ఫ్రేమ్‌వర్కుల మీద (ఫ్రేమ్‌వర్క్ అంటే ప్రోగ్రాముకు ముందే కట్టి ఇచ్చే చట్రం). ఏటా చివరి సెమిస్టర్లో మీ పిల్లలు మా దగ్గరికి ఇంటర్న్‌షిప్‌కి వస్తుంటారు. ఈ ఉత్తరం వాళ్ల మీద చాడీలు చెప్పడానికి రాయట్లేదు. వచ్చినవాళ్లలో చాలామంది కష్టపడతారు. రూట్లు రాస్తారు, మైగ్రేషన్లు పెడతారు, ఫారం చక్కగా తీర్చిదిద్దుతారు. గిట్ వాడకం చూస్తే ముచ్చటేస్తుంది.

కానీ ఒక మోడల్ ఫైలు (డేటాబేస్ టేబుల్‌తో మాట్లాడే క్లాసు ఉండేది అందులోనే; క్లాసు అచ్చు అయితే ఆబ్జెక్టు ఆ అచ్చులోంచి తీసిన ప్రతి) తెరిచి, "ఈ క్లాసుకి ఆబ్జెక్టు ఎవరు తయారు చేస్తున్నారమ్మా? ఎప్పుడు? ఈ పేజీ ఒక్కసారి తెరిస్తే ఎన్ని తయారవుతాయి?" అని అడిగితే ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. కాస్త ధైర్యం ఉన్నవాళ్లు "అది ఫ్రేమ్‌వర్కే చూసుకుంటుంది సార్" అంటారు. చూసుకుంటుంది, నిజమే. మనం దాని దారికి అడ్డం పడనంతవరకు.

అడ్డం పడితే ఏమవుతుందో ఒక కోల్డ్ స్టోరేజీ ప్రోగ్రాములో జరిగిన సంగతి చెబుతాను. కోల్డ్ స్టోరేజీలో ఒక లాటును డేటాబేస్‌లోంచి పూర్తిగా తుడిచెయ్యకూడదు. రైతుకు బాండు ఇచ్చి ఉంటారు, ఆ బాండు మీద బ్యాంకు అప్పు ఇచ్చి ఉండొచ్చు, ఎప్పుడో ఆడిటర్ అడగొచ్చు. అందుకని సాఫ్ట్ డిలీట్ వాడతాం. లారవెల్‌లో అది ఒక ట్రెయిట్, అంటే క్లాసులో కలుపుకునే రెడీమేడ్ కోడ్ ముక్క. మోడల్ క్లాసులో ఒక్క లైనుతో కలుపుకుంటే చాలు. డిలీట్ కొట్టినప్పుడు రికార్డు పోదు, ఒక కాలమ్‌లో తేదీ పడుతుంది. లిస్టు తెచ్చేటప్పుడు ఆ తేదీ ఉన్న రికార్డులు రావు.

ఒక అబ్బాయి, తెలివైనవాడే, ఆ లాట్ మోడల్‌కి కొత్తగా ఒక కన్‌స్ట్రక్టర్ (ఆబ్జెక్టు పుట్టినప్పుడల్లా తనంతట నడిచే మెథడ్) రాశాడు. అందులో ఉన్న పని ఒక్కటే: నడుస్తున్న సీజన్ ఏదో ఒక ప్రాపర్టీలో పెట్టుకోవడం. ఈ క్లాసుకు మూలమైన లారవెల్ పేరెంట్ క్లాసు కన్‌స్ట్రక్టర్‌ను పిలవలేదు. ఎర్రర్ రాలేదు. పేజీలన్నీ మామూలుగానే తెరుచుకున్నాయి. తర్వాత అక్కడి గుమస్తా ఫోన్ చేశాడు. "ఏవండీ, తేజ నలభై టిక్కీల లాటు పొరపాటున రెండుసార్లు ఎక్కింది. ఒకటి కొట్టేశాను. పోవట్లేదండీ, మళ్లీ కొట్టినా అక్కడే ఉంది." (టిక్కీ అంటే మిర్చి బస్తా, తేజ ఒక మిర్చి రకం.)

డేటాబేస్‌లో చూస్తే డిలీట్ తేదీ శుభ్రంగా పడి ఉంది. లిస్టులో మాత్రం లాటు అలాగే కనిపిస్తోంది. మన అబ్బాయి పూటంతా డిలీట్ బటన్ వెనకున్న కోడే తిరగేశాడు. ఆ కోడ్‌లో తప్పేమీ లేదు.

లారవెల్ మోడల్ కన్‌స్ట్రక్టర్ లోపల ముఖ్యంగా నాలుగు పనులు వరసగా జరుగుతాయి. ఆ క్లాసు ఇంకా బూట్ కాకపోతే ముందు బూట్ చేస్తుంది, అంటే క్లాసుకి ఒకసారి చెయ్యాల్సిన ఏర్పాట్లు చేస్తుంది. తర్వాత ట్రెయిట్‌లను సిద్ధం చేస్తుంది. తర్వాత మొదటి విలువల నకలు ఒకటి దాచుకుంటుంది, ఏ కాలమ్ మారిందో రేపు పోల్చుకోవడానికి. చివరగా మనం ఇచ్చిన అర్రేలోని విలువలను నింపుతుంది. సాఫ్ట్ డిలీట్ ట్రెయిట్ తన "డిలీట్ తేదీ ఉన్నవి తేవద్దు" అన్న షరతును తగిలించుకునేది ఆ మొదటి మెట్టులోనే. మన అబ్బాయి కన్‌స్ట్రక్టర్ పేరెంట్ కన్‌స్ట్రక్టర్‌ను కప్పేసింది కాబట్టి బూట్ అనేదే జరగలేదు, షరతు తగల్లేదు. డిలీట్ చేసే మెథడ్ మాత్రం ట్రెయిట్‌లో మామూలు మెథడ్. దానికి బూట్‌తో పని లేదు, అది తేదీ వేసి ఊరుకుంది. కొట్టెయ్యడం పనిచేసింది, దాచడం పనిచెయ్యలేదు.

ఇదే తప్పుకి ఇంకో రూపం కూడా ఉంది. కొత్త లాటు ఎక్కించేటప్పుడు రైతు పేరు, రకం, టిక్కీల సంఖ్య ఒక అర్రేలో పెట్టి ఆబ్జెక్టు తయారు చేస్తే, నింపే మెట్టు కూడా జరగదు కాబట్టి ఆ ఆబ్జెక్టు ఖాళీగా ఉంటుంది. కాలమ్‌లు తప్పనిసరి అని పెట్టి ఉంటే డేటాబేస్ అరుస్తుంది, మన అదృష్టం. ఖాళీ అయినా ఫర్వాలేదు అని పెట్టి ఉంటే ఖాళీ లాటు ఒకటి నిశ్శబ్దంగా ఎక్కి కూర్చుంటుంది.

ఈ తప్పు వెనక ఒక కారణం కనిపిస్తుంది, అది మీ చేతుల్లో ఉన్నదే. మన పిల్లలు పీహెచ్‌పీ కన్నా ముందు జావా చదువుతారు. జావాలో చైల్డ్ క్లాసు కన్‌స్ట్రక్టర్‌లో సూపర్ అని రాయకపోయినా, పేరెంట్‌కి ఆర్గ్యుమెంట్లు లేని కన్‌స్ట్రక్టర్ ఉంటే కంపైలరే ఆ పిలుపు పెట్టేస్తుంది. పీహెచ్‌పీ అలా పెట్టదు. చైల్డ్ క్లాసులో కన్‌స్ట్రక్టర్ రాయకపోతే పేరెంట్‌ది వారసత్వంగా వస్తుంది. రాస్తే పేరెంట్‌ది మనమే పిలవాలి, లేకపోతే అది నడవనే నడవదు. భాష మాన్యువల్‌లో స్పష్టంగా ఉన్న నియమమే ఇది. జావా అలవాటుతో వచ్చిన పిల్లవాడికి ఎవరో ఒకరు ఒక్కసారి చెప్పకపోతే తనంతట తనకు తట్టదు.

కోడ్‌ఇగ్నైటర్ 3తో ల్యాబ్ చెప్పే చోట ఇది ఇంకాస్త చిక్కు. అక్కడి బేస్ మోడల్ కన్‌స్ట్రక్టర్‌లో పెద్దగా పనేమీ ఉండదు. పేరెంట్‌ను పిలవడం మర్చిపోయినా కొంప మునగదు. పిల్లవాడు "నేను పిలవలేదు, అయినా నడిచింది కదా" అనే నమ్మకంతో బయటికొస్తాడు. ఆ నమ్మకం పట్టుకుని లారవెల్‌లో అడుగుపెడతాడు.

అసలు తేడా అంతకన్నా లోతుగా ఉంది, సిలబస్‌లో రావాల్సింది కూడా అదే. కోడ్‌ఇగ్నైటర్‌లో మోడల్ ఆబ్జెక్టు ఒక టేబుల్ మొత్తానికి ప్రతినిధి. కంట్రోలర్‌లో (పేజీ రిక్వెస్టును అందుకునే క్లాసు) లోడ్ చేస్తే ఆ రిక్వెస్టుకి ఒక్కటే తయారవుతుంది, అదే మోడల్‌ను రెండోసారి లోడ్ చేసినా కొత్తది పుట్టదు. లారవెల్‌లో మోడల్ ఆబ్జెక్టు ఒక రికార్డుకు ప్రతినిధి. ఐదొందల లాట్లు తెస్తే కనీసం ఐదొందల ఆబ్జెక్టులు, అంటే కన్‌స్ట్రక్టర్ కనీసం ఐదొందల సార్లు. ఎంవీసీ (మోడల్, వ్యూ, కంట్రోలర్) బొమ్మ గీసి మూడు డబ్బాలు, నాలుగు బాణాలు పెట్టి "ఎం అంటే మోడల్, డేటా చూసుకుంటుంది" అని చెప్పినప్పుడు ఈ రెండూ ఒకటే డబ్బాలో కలిసిపోతున్నాయి.

కలిసిపోతే జరిగేది ఇది. సెట్టింగ్స్ టేబుల్‌లోంచి అద్దె రేటు తెచ్చుకునే క్వెరీని పిల్లలు మోడల్ కన్‌స్ట్రక్టర్‌లో రాస్తారు. కోడ్‌ఇగ్నైటర్‌లో అది రిక్వెస్టుకి ఒక్క క్వెరీ, ఎవరూ పట్టించుకోరు. లారవెల్‌లో అదే పని చేస్తే లాటుకో క్వెరీ. ల్యాబ్‌లో పది రికార్డులతో చూసినప్పుడు పేజీ చిటికెలో వస్తుంది. రికార్డు బుక్కులో సంతకం కూడా పడుతుంది. ఫిబ్రవరి, మార్చిలో సరుకు ముంచెత్తుతున్నప్పుడు, గేటు దగ్గర లారీలు నిలబడి ఉండగా, అదే పేజీ తిరుగుతూనే ఉంటుంది. గుమస్తా టెన్షన్ ఎవరికి చెప్పుకోవాలి?

ఇంకో సంగతి పిల్లలను చాలా తికమక పెడుతుంది. డేటాబేస్ నుంచి రికార్డు వచ్చినప్పుడు లారవెల్ ముందు ఖాళీ ఆబ్జెక్టు తయారు చేసి, ఆ తర్వాత అందులో విలువలు పోస్తుంది. కాబట్టి కన్‌స్ట్రక్టర్ నడిచే క్షణానికి రైతు పేరు లేదు, రకం లేదు, ఏమీ లేదు. అక్కడ "రకం తేజ అయితే ఇలా చెయ్యి" అని రాస్తే ఆ షరతు ఎప్పటికీ నిజం కాదు. రికార్డు నిండాక చెయ్యాల్సిన పనికి వేరే ఈవెంట్ (ఫలానాది జరగ్గానే మన కోడ్‌ను పిలిచే ఏర్పాటు) ఉంది. అలాగే కన్‌స్ట్రక్టర్‌కి తప్పనిసరి ఆర్గ్యుమెంట్ పెడితే, లోపల ఫ్రేమ్‌వర్క్ ఏ ఆర్గ్యుమెంటూ లేకుండా ఆబ్జెక్టు చేసే చోట బండి ఆగిపోతుంది. ఇది నయం, కనీసం ఎర్రర్ వస్తుంది.

ఎర్రర్ రాని రకం ఇంకొకటి, ఇదీ జావా చలవే. జావాలో టేబుల్‌కి క్లాసు రాసేటప్పుడు ప్రతి కాలమ్‌కూ ఒక ఫీల్డ్ రాయమని నేర్పుతాం. పిల్లవాడు లారవెల్ మోడల్‌లోనూ రైతు పేరుకొకటి, టిక్కీలకొకటి పబ్లిక్ ప్రాపర్టీలు పొందిగ్గా రాసుకుంటూ పోతాడు. చూడ్డానికి ఎంత శుభ్రంగా ఉంటుందో! కానీ లారవెల్ మోడళ్ల వెనకున్న ఎలోక్వెంట్ విలువలన్నీ లోపల ఒక అర్రేలో పెట్టుకుని, బయట ఆ పేరుతో ప్రాపర్టీ లేనప్పుడు మాత్రమే మ్యాజిక్ మెథడ్ (అలాంటప్పుడు పీహెచ్‌పీ తనంతట పిలిచే మెథడ్) ద్వారా అర్రేలోంచి తీసిస్తుంది. అదే పేరుతో నిజమైన ప్రాపర్టీ ఉంటే పీహెచ్‌పీ దాన్నే చూపిస్తుంది, మ్యాజిక్ మెథడ్ దాకా రాదు. డేటాబేస్‌లో పేరు ఉంటుంది, తెర మీద ఖాళీ. మార్చి సేవ్ చేస్తే మార్పు ఎక్కదు. పీహెచ్‌పీ 7.4 నుంచి ప్రాపర్టీకి టైపు కూడా రాయొచ్చు కదా, అలా రాసి ఉంటే విలువ పెట్టకముందే చదివారన్న ఎర్రర్ వస్తుంది. ఆ ఎర్రర్ చూసి పిల్లలు ఏం చేస్తారు? కన్‌స్ట్రక్టర్ రాసి అందులో ఖాళీ విలువ పెడతారు, పేరెంట్‌ను పిలవకుండా. ఇక మళ్లీ మొదటికే.

మరి మొదలుపెట్టే పనులు ఎక్కడ రాయాలి? క్లాసుకి ఒకసారి జరగాల్సినవి వేరు, ఆబ్జెక్టుకి ఒకసారి జరగాల్సినవి వేరు. కోల్డ్ స్టోరేజీలో కంప్రెసర్ సీజన్ మొదట్లో ఆన్ చేస్తారు. టిక్కీ లోపలికి వచ్చినప్పుడల్లా చేసేది దాని మీద లాట్ నంబరు రాయడం. షరతులు తగిలించడం, ఈవెంట్లు కట్టడం మొదటి రకం. లారవెల్‌లో వాటికి బూటెడ్ అనే మెథడ్ 2020లో 7వ వెర్షన్‌తో వచ్చింది, అందులో పేరెంట్‌ను పిలవాల్సిన గొడవ లేదు. అంతకుముందు అందరూ బూట్ మెథడ్‌నే తిరగరాసేవాళ్లు. అక్కడ పేరెంట్‌ను మర్చిపోతే ట్రెయిట్‌లు బూట్ కావు, సాఫ్ట్ డిలీట్ కథ మళ్లీ పునరావృతం. కొత్త ఆబ్జెక్టుకి ఉండాల్సిన మామూలు విలువలకైతే కన్‌స్ట్రక్టర్ కూడా అక్కర్లేదు, ఆట్రిబ్యూట్స్ అనే ప్రాపర్టీలో రాస్తే చాలు. నాకు ఎదురైన మోడల్ కన్‌స్ట్రక్టర్లలో ఎక్కువ భాగం అసలు అవసరమే లేనివి.

మిగతా ఫ్రేమ్‌వర్కులు కూడా ఈ ప్రశ్నకు తలా ఒక జవాబు ఇచ్చుకున్నాయి. ఫాల్కన్‌లో ఇనిషియలైజ్ మెథడ్ రిక్వెస్టుకి ఒక్కసారే నడుస్తుంది, ప్రతి ఆబ్జెక్టుకీ కావాలంటే ఆన్‌కన్‌స్ట్రక్ట్ వేరే ఉంది. విభజన ఇంతకన్నా తేటగా పెట్టినవాళ్లు తక్కువ. యీలో కన్‌స్ట్రక్టర్ చివర్లో ఇనిట్ పిలుస్తుంది, అది ప్రతి రికార్డుకీ నడుస్తుంది. కేక్‌పీహెచ్‌పీ టేబుల్‌ని, రికార్డుని రెండు వేర్వేరు క్లాసులు చేసేసి, టేబుల్ క్లాసులో ఇనిషియలైజ్ ఇచ్చింది. 2020లో వచ్చిన కోడ్‌ఇగ్నైటర్ 4లో కూడా మోడల్ కన్‌స్ట్రక్టర్ అయ్యాక ఇనిషియలైజ్ నడుస్తుంది, కన్‌స్ట్రక్టర్ ఆర్గ్యుమెంట్లు మళ్లీ రాసే పని తప్పించడానికి. సింఫనీతో వాడే డాక్ట్రిన్ మరీ విడ్డూరం: డేటాబేస్ నుంచి వచ్చిన రికార్డుకు ఎంటిటీ (రికార్డుకు ప్రతినిధి అయిన క్లాసు) కన్‌స్ట్రక్టర్‌ను అసలు పిలవదు. ఆ లాటు ఎప్పుడో పుట్టింది, ఇప్పుడు మళ్లీ పుట్టించడమేమిటి అన్నది దాని వాదన. నాకైతే ఆ వాదన నచ్చుతుంది. ఇవన్నీ బట్టీ పట్టించమని నేను అనట్లేదు. ఏ ఫ్రేమ్‌వర్క్ చేతికిచ్చినా పిల్లవాడు ముందు ఇదే ప్రశ్న అడగాలని నా ఆశ.

"ఒక్కసారి" అంటే ఎంతకాలానికి అన్నది కూడా చెప్పాలి. మామూలు పీహెచ్‌పీలో రిక్వెస్టు అయిపోగానే మెమరీలో ఉన్నదంతా పోతుంది, తర్వాతి రిక్వెస్టుకి క్లాసు మళ్లీ కొత్తగా బూట్ అవుతుంది. ఈ భాషలో ఉన్న పెద్ద సుఖం అదే. కానీ వెనకనుంచి ఎస్సెమ్మెస్‌లు పంపే క్యూ వర్కర్లు, లారవెల్‌ను ఆపకుండా నడిపే ఆక్టేన్ లాంటి సర్వర్లు అలా కాదు. అక్కడ ఒకే ప్రాసెస్ గంటల తరబడి బతికుంటుంది, స్టాటిక్ ప్రాపర్టీలు (క్లాసు మొత్తానికి ఒక్కటిగా ఉండేవి) కూడా దానితోనే బతికుంటాయి. బూట్ సమయంలో లాగిన్ అయిన మనిషి బ్రాంచి నంబరు ఒక స్టాటిక్ ప్రాపర్టీలో పెట్టుకుంటే, ఆ తర్వాత వచ్చిన వేరే బ్రాంచి మనిషికి కూడా అదే నంబరు తగులుతుంది. ఒకరి లాట్లు ఒకరికి కనిపిస్తాయి. మిర్చి వ్యాపారంలో ఎవరి దగ్గర ఎంత సరుకు ఉందన్నది ఎంత గుట్టుగా ఉంచుకుంటారో మీకు నేను చెప్పక్కర్లేదు.

ఇక ల్యాబ్ మాన్యువల్ గురించి ఒక్క మాట. పిల్లలు తెచ్చే కొన్ని రికార్డు బుక్కుల్లో ఇప్పటికీ క్లాసు పేరుతోనే కన్‌స్ట్రక్టర్ రాసి ఉంటోంది. అది పీహెచ్‌పీ 4 కాలం నాటి పద్ధతి. 2004లో పీహెచ్‌పీ 5 వచ్చినప్పుడే కొత్త పద్ధతి వచ్చింది, పాతదాన్ని 2020లో పీహెచ్‌పీ 8తో తీసేశారు. ఇప్పుడు అలా రాస్తే అది ఉత్త మెథడ్. ఎవరూ పిలవరు, ఎర్రరూ రాదు. కోడ్‌ఇగ్నైటర్ 3 అయితే లోడ్ చేసిన మోడల్‌ని కంట్రోలర్‌లో అప్పటికప్పుడు ఒక ప్రాపర్టీగా తగిలిస్తుంది. 2022 చివర్లో వచ్చిన పీహెచ్‌పీ 8.2 అలా ముందు చెప్పకుండా ప్రాపర్టీ పుట్టించడం వద్దని హెచ్చరిక చూపిస్తోంది. కొత్త పీహెచ్‌పీ వేసుకున్న పిల్లవాడి తెర నిండా ఆ హెచ్చరికలే. "ఎర్రర్ రిపోర్టింగ్ ఆపెయ్" అని సీనియర్ సలహా ఇస్తాడు. దయచేసి ఆ సలహా మీ ల్యాబ్‌లో చెల్లనివ్వకండి.

నేను అడిగేది కొత్త పేపర్ పెట్టమని కాదు. ఒక్క ల్యాబ్ సెషన్ చాలు. మోడల్ కన్‌స్ట్రక్టర్‌లో, పేరెంట్‌ను పిలిచాక, లాగ్ ఫైల్లో ఒక లైను రాయించండి. పది రికార్డులు తెప్పించండి. ఎన్ని లైన్లు పడ్డాయో లెక్కపెట్టమనండి. లారవెల్‌లో పదికన్నా ఎక్కువే పడతాయి. ఆ పైన పడ్డవి ఎక్కణ్నుంచి వచ్చాయో ఫ్రేమ్‌వర్క్ సోర్సులోకి వెళ్లి వెతకమనండి. సోర్సు తెరిచి చదవడం అన్నది చాలామందికి అదే మొదటిసారి అవుతుంది. తర్వాత పేరెంట్ పిలుపు తీసేసి, సాఫ్ట్ డిలీట్ పెట్టిన టేబుల్‌లో ఒక రికార్డు కొట్టేయించండి, లిస్టు చూపించండి. ఆ తర్వాత కన్‌స్ట్రక్టర్ మొత్తం తీసేసి, ఆ లాగ్ లైను బూటెడ్‌లోకి మార్చి మళ్లీ లెక్కపెట్టించండి. కోడ్‌ఇగ్నైటర్‌తోనే చెప్పే కాలేజీల్లో పది రికార్డులు తెచ్చినా ఒక్క లైనే పడుతుంది. ఎందుకు ఒక్కటే అని అడగండి, పాఠం అక్కడినుంచే మొదలవుతుంది.

పరీక్షలో "ఎంవీసీ అంటే ఏమిటి, పటం సహాయంతో వివరించుము" అన్న ప్రశ్న ఉండనివ్వండి, దాని మార్కులు దానివి. పక్కన పది లైన్ల కోడ్ ఇచ్చి "ఈ కన్‌స్ట్రక్టర్ ఎన్నిసార్లు నడుస్తుంది, ఎందుకు" అని ఒక ప్రశ్న వెయ్యండి. వైవాలో అయితే ఇంకా మంచిది. ఈరోజుల్లో కోడ్ రాసిపెట్టే ఏఐ సాధనాలు ప్రతి ఫోన్లోనూ ఉన్నాయి, మోడల్ క్లాసు మొత్తం అవి క్షణంలో ఇస్తాయి. ఇచ్చినదాంట్లో అక్కర్లేని కన్‌స్ట్రక్టర్ ఉందో లేదో చూసి తీసెయ్యగలిగే పిల్లవాడే మాకు కావాలి.

మీలో కొందరు అనే మాట నాకు తెలుసు. "ఫ్రేమ్‌వర్కులు ఐదేళ్లకోసారి మారతాయి, మేం మూలాలు చెబుతాం, మిగతాది కంపెనీలో నేర్చుకుంటారు" అని. మూలాలు చెప్పాలన్న మాటతో నాకు గొడవే లేదు. ఆబ్జెక్టు ఎవరు చేస్తారు, పేరెంట్ కన్‌స్ట్రక్టర్‌ను ఎవరు పిలుస్తారు, ఒక విలువ ఎంతసేపు బతుకుతుంది, ఇవి మూలాలు కాకపోతే మరేవి? ఇంకొందరు సిలబస్ ఇప్పటికే నిండిపోయిందంటారు. ఆ ఇబ్బంది నిజం. అయితే ల్యాబ్ ప్రయోగాల జాబితాలో లాగిన్ ఫారం ఒకటి, రిజిస్ట్రేషన్ ఫారం ఒకటి, ఫీడ్‌బ్యాక్ ఫారం ఒకటి విడివిడిగా ఉన్న మాన్యువల్స్ నేను చూశాను. ఆ మూడు ఫారాల్లో ఒకటి తగ్గినా పిల్లలకు వచ్చే నష్టం లేదు.

శనివారం మధ్యాహ్నాలు మాకు పని కాస్త తక్కువ. గుంటూరులో బ్రాడీపేట వైపైనా, ఇటు కానూరు, పటమట వైపైనా ఏ కాలేజీ పిలిచినా నేనే వస్తాను, ఫీజేమీ వద్దు. రైతుల పేర్లు, ఫోన్ నంబర్లు మార్చేసిన లాట్ల డేటా పెన్‌డ్రైవ్‌లో తెస్తాను. ప్రొజెక్టర్, పీహెచ్‌పీ 8.2 గానీ అంతకన్నా కొత్తది గానీ ఉన్న ల్యాబ్ ఉంటే సరిపోతుంది. యార్డు రద్దీ తగ్గాక, మే తర్వాత అయితే మా ఆఫీసు పిల్లల్లో ఒకరిద్దరిని కూడా వెంట తీసుకురాగలను.

ఇట్లు,
గవర్నర్‌పేట నుంచి ఒక పీహెచ్‌పీ ప్రోగ్రామర్